పసిమనసు మర్చిపోదు!

'చిన్నపిల్లలు కదా... రెండ్రోజులు ఏడ్చి వాళ్లే మర్చిపోతారు' - పెద్దలు తరచూ అనే మాట ఇది. పిల్లలు నిజంగానే మర్చిపోవచ్చు. వాళ్ల ఒళ్లు మాత్రం మర్చిపోదంటోంది వైద్యశాస్త్రం. పసితనంలో తగిలిన దెబ్బ నలభయ్యేళ్ల తర్వాత గుండెజబ్బుగానో, మధుమేహంగానో, మానని దిగులుగానో బయటపడొచ్చట. అలాగని బెంబేలెత్తిపోనక్కర్లేదు. ఆ గాయాన్ని మాన్పే మందు కూడా చాలావరకూ మన చేతుల్లోనే ఉంది.

ఆయనకు నలభై అయిదేళ్లు. మంచి ఉద్యోగం, చక్కటి కుటుంబం. అయినా ఎవరైనా గొంతు పెంచి మాట్లాడితే చాలు, గుండె దడదడలాడుతుంది. రాత్రిళ్లు నిద్రపట్టదు. మందులు మారుస్తున్నా బీపీ అదుపులోకి రాదు.

ఆమెకు ముప్ఫై అయిదు. ఏ చిన్న కష్టమొచ్చినా కాళ్లు వంటింట్లోకే తీసుకెళ్తాయి. ఆకలి లేకున్నా ఏదో ఒకటి తింటుంది. తిన్నాక తనను తానే తిట్టుకుంటుంది.

ఆ కుర్రాడికి పద్నాలుగు. పోయినేడాది దాకా క్లాసులో ముందుండేవాడు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే పేజీ తిరగదు. ఏమన్నా అంటే కస్సుమంటాడు. 'పొగరెక్కింది' అంటున్నారు టీచర్లు.

ఇలాంటివాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ముగ్గురి సమస్యలూ వేర్వేరుగానే కనిపిస్తాయి. కానీ కాస్త వెనక్కి వెళ్లి చూస్తే... తాగొచ్చి అమ్మను కొట్టే నాన్నను ఆయన చిన్నప్పుడు తలుపుచాటు నుంచి చూసి ఉండొచ్చు. ఆమెను దగ్గరి బంధువే ఎవరికీ చెప్పుకోలేని విధంగా బాధపెట్టి ఉండొచ్చు. ఆ కుర్రాడి ఇంట్లో ఆర్నెల్లుగా విడాకుల గొడవ నడుస్తూ ఉండొచ్చు. డాక్టరు బీపీ చూస్తారు, బరువు చూస్తారు. టీచరు మార్కులు చూస్తారు. 'నీకేం జరిగింది?' అని అడిగేవాళ్లే ఉండరు.

అలా అడిగిన ఓ డాక్టరు వల్లే ఈ విషయం ప్రపంచం దృష్టికి వచ్చింది.

బరువు తగ్గించబోతే...

అమెరికాలోని శాన్‌ డియాగోలో కైజర్‌ పర్మనెంటె అనే పెద్ద వైద్యసంస్థ ఉంది. 1980ల్లో అక్కడ స్థూలకాయుల కోసం ఓ చికిత్సా కార్యక్రమం నడిపేవారు డాక్టర్‌ విన్సెంట్‌ ఫెలిటి. బాగానే పనిచేసేది. కానీ ఆయనకో విషయం అంతుబట్టేది కాదు. బరువు తగ్గనివాళ్లు మానేశారంటే అర్థముంది. చక్కగా తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసేవారు! 1985లో ఓ యువతి 51 వారాల్లో దాదాపు 185 కిలోల నుంచి 60 కిలోలకు వచ్చింది. అందరూ అబ్బురపడుతుండగానే మూడంటే మూడు వారాల్లో మళ్లీ పదిహేడు కిలోలు పెరిగిపోయింది.

ఏం జరిగిందని ఆరాతీస్తే, పనిచేసేచోట ఓ పురుషుడు తన మీద ఆసక్తి చూపాడని చెప్పిందామె. దాంతో బెదిరిపోయి తిండి మీద పడింది. ఇంకా మాట్లాడించగా అసలు సంగతి తెలిసింది. చిన్నతనంలో సొంతింట్లోనే లైంగిక వేధింపులకు గురైంది. లావుగా ఉంటే ఎవరూ తన జోలికి రారన్నది ఆమె ధైర్యం. ఫెలిటి మిగతావారినీ అడగడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు... ఎందరివో అలాంటి కథలే. తాను జబ్బనుకుంటున్న లావు వాళ్ల దృష్టిలో జబ్బు కాదు, రక్షణ కవచమని ఆయనకు అప్పుడు అర్థమైంది.

అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలో పనిచేసే డాక్టర్‌ రాబర్ట్‌ ఆండా ఆయనతో చేతులు కలిపారు. 1995 నుంచి 1997 దాకా 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను ప్రశ్నించారు. పద్దెనిమిదేళ్లలోపు ఎదురైన చేదు అనుభవాలేమిటి, ఇప్పటి ఆరోగ్యం ఎలా ఉంది... ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ఈ 17 వేల మందీ కడుపేదలేం కాదు. ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, ఆరోగ్యబీమా ఉన్న మధ్యతరగతివాళ్లు. అయినా మూడింట రెండొంతుల మందికి కనీసం ఒక చేదు అనుభవమైనా ఉంది. ఎనిమిది మందిలో ఒకరికి నాలుగూ అంతకన్నా ఎక్కువ ఉన్నాయి.

ఆ నాలుగు దాటినవాళ్ల ఆరోగ్యమే పరిశోధకుల్ని కలవరపెట్టింది. చిన్నతనం సాఫీగా గడిచినవారితో పోలిస్తే వాళ్లకు గుండెజబ్బు, పక్షవాతం ముప్పు రెట్టింపు పైనే. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులు దాదాపు నాలుగు రెట్లు. తాగుడు, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు! ఆరు, అంతకుమించి అనుభవాలున్నవారిలో చనిపోయినవారు సగటున ఇరవయ్యేళ్లు ముందే వెళ్లిపోయారని 2009లో వెలువడిన మరో విశ్లేషణ తేల్చింది.

అవేమిటంటే...

పరిశోధకులు లెక్కలోకి తీసుకున్న ప్రతికూల అనుభవాలు పది.

* శారీరకంగా హింసించడం
* అవమానించడం, భయపెట్టడం లాంటి మానసిక హింస
* లైంగిక వేధింపులు
* తిండి, బట్ట, వైద్యం విషయంలో పట్టించుకోకపోవడం
* ప్రేమ చూపకపోవడం, 'నాకెవరూ లేరు' అనిపించేలా వదిలేయడం
* ఇంట్లో తల్లిని కొడుతుంటే చూడటం
* ఇంట్లో తాగుడు, మత్తుమందుల అలవాటు
* ఇంట్లోవారికి మానసిక వ్యాధి, ఆత్మహత్యాయత్నం
* తల్లిదండ్రులు విడిపోవడం
* ఇంట్లోవారు జైలుకెళ్లడం

ఇది అమెరికా ఇళ్లను చూసి రాసిన జాబితా. మన దగ్గర దీనికి ఇంకొన్ని కలపొచ్చు. అప్పులపాలై ఉరేసుకున్న రైతు ఇంట్లోని పిల్లలు, వలస వెళ్లిన అమ్మానాన్నలకు దూరంగా ఉండిపోయిన పిల్లలు, కులం పేరుతో బడిలో మాటలు పడే పిల్లలు, వరదకో తుపానుకో ఇల్లు పోగొట్టుకున్న పిల్లలు... వీళ్ల బాధ ఆ పదింట్లో దేనికీ తీసిపోదు.

పాము ఇంట్లోనే ఉంటే!

మనసుకు తగిలిన దెబ్బకూ గుండెకూ ఏమిటి సంబంధం? పొలం గట్టు మీద నడుస్తుంటే ఎదురుగా పాము కనిపించిందనుకోండి. ఆలోచించే వ్యవధి ఉండదు. మెదడులోని అమిగ్దలా అనే చిన్న భాగం గంట కొడుతుంది. ఎడ్రినలిన్‌, కార్టిసాల్‌ హార్మోన్లు రక్తంలోకి దూకుతాయి. గుండె వేగం పెరుగుతుంది. ఒంట్లోని చక్కెర కండరాలకు చేరుతుంది. అడుగు వెనక్కి పడుతుంది. పాము పొదల్లోకి వెళ్లిపోతుంది. అరగంటకో గంటకో ఒళ్లు మామూలైపోతుంది. ప్రాణాలు కాపాడే ఏర్పాటు ఇది.

మరి ఆ పాము ఇంట్లోనే ఉంటే? రోజూ రాత్రి ఎనిమిదింటికి గేటు చప్పుడవగానే 'ఈ రోజు నాన్న ఎలా వచ్చాడో' అని బిక్కుబిక్కుమంటూ చూసే పిల్లవాడికి ఆ గంట రోజూ మోగుతుంది. నెలలు, ఏళ్ల తరబడి మోగుతుంది. పొద్దున బడికెళ్లినా లోపల మోత ఆగదు. అత్యవసరానికి ఉద్దేశించిన హార్మోన్లు నిత్యం ఒంట్లో తిరుగుతుంటే రక్తపోటు పెరుగుతుంది, వ్యాధి నిరోధక వ్యవస్థ గాడి తప్పుతుంది, ఒంట్లో సన్నటి వాపు స్థిరపడిపోతుంది. గుండెజబ్బుకీ మధుమేహానికీ పునాదులు పడేది ఇలాగే.

ఎదుగుతున్న మెదడు మీద దెబ్బ ఇంకా ఎక్కువ. పుట్టిన తొలి కొన్నేళ్లలో మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త అనుసంధానాలు ఏర్పడతాయంటారు. ఏది ఎక్కువగా వాడితే అది బలపడుతుంది. భయంలో పెరిగితే ప్రమాదాన్ని పసిగట్టే భాగం చురుకెక్కుతుంది. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌, ఆలోచించి అడుగేయించే ప్రీఫ్రంటల్‌ కార్టెక్స్‌ వెనకబడతాయి. పద్నాలుగేళ్ల కుర్రాడి పుస్తకంలో పేజీ తిరగకపోవడానికి కారణం పొగరు కాకపోవచ్చు. కాపలా కాస్తున్న మెదడుకు లెక్కలెక్కడం కష్టం.

దీనికితోడు ఇలా పెరిగినవాళ్లు ఆ అలజడిని తగ్గించుకోవడానికి సిగరెట్టో, మందో, అతిగా తినడమో వెతుక్కుంటారు. కాసేపు ఊరట దొరుకుతుంది. అది అలవాటై కొత్త జబ్బు తెస్తుంది. అయితే ఈ చెడ్డ అలవాట్లు లేనివారిలోనూ ముప్పు పూర్తిగా పోలేదు. అంటే ఒత్తిడికి నేరుగా ఒళ్లు చెల్లించే మూల్యమూ ఉందన్నమాట.

కష్టపడితే రాటుదేలరా?

'మేమూ తిన్నాం దెబ్బలు. రాటుదేలాం. ఇప్పుడు బాగాలేమా?' - ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. ఇక్కడే ఒక తేడా తెలుసుకోవాలి. హార్వర్డ్‌ విశ్వవిద్యాలయంలోని బాలల వికాస కేంద్రం ఒత్తిడిని మూడు రకాలుగా చెబుతుంది.

బడికెళ్లే మొదటిరోజు, టీకా సూది, ఆటలో ఓటమి... ఇవి మంచి ఒత్తిళ్లు. కాసేపు ఏడ్చినా పిల్లలు వీటి నుంచి నేర్చుకుంటారు. అల్లారుముద్దుగా చూసిన తాతయ్య చనిపోవడం, పెద్ద ప్రమాదం... ఇవి గట్టి దెబ్బలే. అయినా పక్కన పట్టుకుని కూర్చునే మనిషి ఉంటే తట్టుకోగలరు. మూడోది విషపు ఒత్తిడి. దెబ్బ మీద దెబ్బ తగులుతూనే ఉంటుంది, ఆదుకునేవాళ్లు మాత్రం ఉండరు. చాలాసార్లు ఆదుకోవాల్సినవాళ్లే కొడుతుంటారు.

ఒకే కష్టం ఒక బిడ్డను రాటుదేల్చి మరో బిడ్డను కూల్చేయడానికి కారణం తరచూ ఆ పక్కనుండే మనిషే. దెబ్బలు తిని కూడా బాగున్నామనేవాళ్లు ఒకసారి గుర్తు చేసుకుంటే తెలుస్తుంది... దెబ్బ తిన్న రాత్రి అన్నం కలిపి పెట్టిన నాయనమ్మో, ఊరడించిన అక్కో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లను నిలబెట్టింది బెత్తం కాదు, ఆ ముద్ద.

మన ఇళ్లలో... మన బళ్లలో

'దండం దశగుణం భవేత్‌' అన్న మాట మన దగ్గర ఇప్పటికీ చెల్లుతోంది. గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం... వీటిని నవ్వుతూ చెప్పుకునే తరాలు మనవి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఓ అధ్యయన నివేదిక విడుదల చేసింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురవుతున్నట్టు తేలింది. బడికెళ్లే పిల్లల్లో 65 శాతం టీచర్ల చేతిలో దెబ్బలు తిన్నామన్నారు. సగానికిపైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపులు ఎదురయ్యాయన్నారు. అవి ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ కూడా ఒకటి. వేధించినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే, నమ్మినవాళ్లే. అన్నిటికన్నా బాధాకరం... చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత చట్టాలు మారాయి. 2010 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్‌ బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2012 నవంబరు 14 నుంచి పోక్సో చట్టం వచ్చింది. కానీ చట్టం గుమ్మం దాటి ఇంట్లోకి రావడం కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వివాహిత మహిళల్లో మూడోవంతుకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం భర్తల హింసను చవిచూసినవారే. ఆ ఇళ్లలో ఎన్నో చోట్ల దుప్పటి ముసుగేసుకుని నిద్ర నటిస్తున్న పిల్లలు ఉంటారు. వాళ్ల లెక్క ఆ సర్వేలో ఉండదు.

తాగుడు ఇంటిని ఏం చేస్తుందో తెలుగు మహిళలకు ఒకరు చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, మరుసటి ఏడాది ప్రభుత్వం సారాను నిషేధించేదాకా వెళ్లింది. కూలి డబ్బులు సారాకి పోకుండా ఇంటికి రావాలన్న ఆ పోరాటం ఒకరకంగా పిల్లల ఆరోగ్యం కోసం జరిగిన పోరాటం కూడా.

బెంగళూరులోని నిమ్హాన్స్‌ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. యాభై మంది ఉన్న క్లాసులో ముగ్గురో నలుగురో అన్నమాట. వాళ్లెవరో ఆ టీచరుకు తెలుసా?

జాతకం కాదు!

ఇక్కడిదాకా చదివాక చాలామంది మనసులోనే లెక్కపెట్టుకుని ఉంటారు, 'నావి ఎన్ని?' అని. ఒక్క మాట. ఈ అంకెలు వేలమందిని కలిపి చూసినప్పుడు కనిపించే ధోరణులు మాత్రమే. ఒక మనిషి భవిష్యత్తు చెప్పడానికి పనికిరావు. ఈ లెక్కను జాతకంలా వాడొద్దని అధ్యయనం చేసిన ఆండాయే 2020లో హెచ్చరించారు. నాలుగున్నా నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఉంటారు. అలా నిలబడినవాళ్ల రహస్యమేమిటో కూడా పరిశోధకులు వెతికారు.

హవాయి దీవుల్లో కవాయి అనేది ఒకటి. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్‌, రూత్‌ స్మిత్‌ అనే మానసిక శాస్త్రవేత్తలు నలభై ఏళ్ల వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. వారిలో మూడోవంతు పిల్లలవి కష్టాల పుట్టుకలే. పేదరికం, గొడవలు, తాగుడు, మానసిక వ్యాధులున్న ఇళ్లు. అంతా చెడిపోతారనుకున్న ఆ పిల్లల్లో కూడా ప్రతి ముగ్గురిలో ఒకరు చక్కగా చదువుకుని, స్థిరపడి, ఇతరులకు సాయపడే మనుషులుగా ఎదిగారు. మొదట్లో దారితప్పిన ఇంకా కొందరు ముప్ఫై, నలభై ఏళ్లకల్లా గాడిన పడ్డారు.

నిలబడినవారిలో కనిపించిన పోలికలు వింటే ఆశ్చర్యమేస్తుంది. ఖరీదైన చికిత్సలేం లేవు. తమను మనసారా పట్టించుకున్న పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారు. అమ్మానాన్నే కానక్కర్లేదు... అమ్మమ్మ, పిన్ని, టీచరు, పక్కింటివారు, ఎవరైనా సరే. ఇంట్లో తమ వంతుగా చేయాల్సిన పని ఒకటుంది. తమ్ముణ్ని చూసుకోవడమో, వంటలో సాయమో. 'నేను లేకపోతే ఇక్కడ పని జరగదు' అన్న భావన వాళ్లను నిటారుగా నిలబెట్టింది.

అమెరికాలోని విస్కాన్సిన్‌ రాష్ట్రంలో 6 వేల మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఇందులో చేదు అనుభవాలతో పాటు మంచి అనుభవాలనూ లెక్కించారు. మనసులో మాట ఇంట్లో చెప్పుకోగలగడం, కష్టంలో ఇంటివాళ్లు అండగా నిలవడం, ఇంట్లో ఓ పెద్ద దిక్కు దగ్గర క్షేమంగా ఉన్నామనిపించడం, తల్లిదండ్రులు కాకుండా ఆసక్తి చూపే పెద్దవాళ్లు ఇద్దరైనా ఉండటం, స్నేహితుల తోడు, 'ఇది నా బడి' అనిపించడం, ఊరి వేడుకల్లో సంతోషంగా పాల్గొనడం - ఈ ఏడింటిలో ఆరో ఏడో ఉన్నవారికి, రెండుకు మించి లేనివారితో పోలిస్తే కుంగుబాటు ముప్పు 72 శాతం తక్కువ. చిన్నప్పుడు చేదు అనుభవాలు ఎదురైనా సరే, ఈ మేలు కనిపించింది. భోగిమంటకు పిడకలు పోగేయడం, బతుకమ్మకు పూలు కోసుకురావడం వట్టి సరదాలే కావన్నమాట!

మరి బాగా దెబ్బతిన్న పిల్లల మాటేమిటి? రుమేనియాలో 1989 డిసెంబరులో చౌషెస్కూ పాలన కూలినప్పుడు ప్రభుత్వ అనాథాశ్రమాల్లో లక్ష మందికి పైగా పిల్లలున్నారు. తిండి ఉన్నా ఎత్తుకునే చేతులు లేవు. 2000లో బుకారెస్ట్‌లో అమెరికా పరిశోధకులు 136 మంది పసివాళ్లతో అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లోకి పంపారు. ఇంటికెళ్లిన పిల్లల తెలివితేటలు, అనుబంధాలు, ఒత్తిడిని తట్టుకునే తీరు... అన్నీ మెరుగయ్యాయి. రెండేళ్లలోపు వెళ్లినవారికి మేలు మరీ ఎక్కువ. గాయం మానుతుంది, ఎంత త్వరగా చెయ్యందిస్తే అంత బాగా. ఇదీ ఆ పిల్లలు నేర్పిన పాఠం.

ఇంట్లో ఏం చేయొచ్చు?

వేళ తప్పనివ్వకండి: ఇల్లు కల్లోలంగా ఉన్నప్పుడు పిల్లలు పట్టుకునే కొమ్మ దినచర్యే. అన్నం వేళ, నిద్ర వేళ, పడుకునే ముందు ఓ కథ... ఇవి రోజూ ఒకేలా జరిగితే 'రేపు కూడా ఇలాగే ఉంటుంది' అన్న భరోసా కలుగుతుంది.

భయానికి పేరు పెట్టండి: 'మగపిల్లాడివి, ఏడుస్తావేంటి?' అనకండి. 'భయమేసిందా? కోపమొచ్చిందా?' అనడగండి. లోపలున్నదేమిటో మాటల్లో చెప్పగలిగిన బిడ్డ దాన్ని అదుపు చేయడమూ నేర్చుకుంటుంది.

రాజీ కూడా చూపించండి: భార్యాభర్తలన్నాక మాటా మాటా రావడం సహజం. చాలా ఇళ్లలో గొడవ పిల్లల ముందు జరుగుతుంది, రాజీ గదిలో జరుగుతుంది. పిల్లలు మొదటి సగమే చూస్తారు. కలిసిపోయిన సంగతీ వాళ్లకు తెలియనివ్వండి. చేయిచేసుకోవడం మాత్రం ఎవరి ముందైనా, ఎప్పుడైనా హింసే.

నిజం చెప్పండి: ఇంట్లో ఎవరైనా చనిపోతే 'నాన్న ఊరెళ్లాడు' అని చెబుతారు. బిడ్డ గుమ్మం వైపు చూస్తూనే ఉంటుంది. వయసుకు తగ్గ మాటల్లో నిజమే చెప్పండి. 'నేను అల్లరి చేసినందుకే ఇలా జరిగింది' అని చిన్నపిల్లలు తమలో తామే అనుకుంటారు. విడాకులైనా, మరణమైనా 'ఇందులో నీ తప్పేం లేదు' అని ఒకటికి పదిసార్లు చెప్పాలి.

ఓ పని అప్పగించండి: ముగ్గు, సైకిలు, ఈత, చపాతీలు ఒత్తడం... ఏదైనా సరే. 'ఇది నాకొచ్చు' అనుకునే బిడ్డ మార్కులు తగ్గినా కుప్పకూలిపోదు.

రహస్యాలు వద్దనండి: ఇష్టం లేకుండా ఎవరు ముట్టుకున్నా 'వద్దు' అనొచ్చని నేర్పండి. బంధువులకు ముద్దు పెట్టమని బలవంతం చేయకండి. 'అమ్మకు చెప్పొద్దు' అని ఎవరన్నా అంటే ముందు అదే అమ్మకు చెప్పాలని చెప్పండి.

బిడ్డ నోరు విప్పితే: ముందు నమ్మండి. 'ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?' అని నిలదీయకండి. 'చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు, నేనున్నాను' - ఈ మూడు ముక్కలు చాలు. గుచ్చిగుచ్చి అడగొద్దు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పరువు పోతుందని దాచడం చట్టరీత్యా నేరం. బిడ్డకు అంతకన్నా పెద్ద అన్యాయం.

ఇవి కనిపిస్తే...

పిల్లలు బాధను మాటల్లో చెప్పరు. ఒంటితో చెబుతారు. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ మొదలుపెట్టడం, పీడకలలు, తరచూ కడుపునొప్పి, తలనొప్పి, బడికెళ్లనని మొండికేయడం, ఒక మనిషిని చూస్తేనే నక్కడం, ఆటల మీద ఆసక్తి పోవడం, హఠాత్తుగా మార్కులు పడిపోవడం, తమను తాము గాయపరచుకోవడం... ఇలాంటివి వారాల తరబడి ఉంటే పిల్లల వైద్యుణ్నో మానసిక వైద్యుణ్నో కలవాలి. 'చచ్చిపోతాను' అన్న మాట బెదిరింపనుకుని కొట్టిపారేయొద్దు. ఆ రోజే సాయం తీసుకోవాలి. గాయపడ్డ పిల్లలకు మాటలతో, ఆటలతో చేసే చికిత్సలున్నాయి. తల్లిదండ్రుల్ని కలుపుకుని చేసేవి బాగా పనిచేస్తాయని రుజువైంది.

ఆ బిడ్డ మీరే అయితే?

ఈ వ్యాసం చదువుతున్న అమ్మానాన్నల్లో కొందరు ఒకప్పుడు ఆ తలుపుచాటు పిల్లలే అయ్యుంటారు. 'నాన్నలా నేను ఉండను' అని ఒట్టు పెట్టుకున్నవాళ్లే ఓ సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చి, హోంవర్కు దగ్గర చెయ్యెత్తేస్తారు. ఎత్తాక బాధపడతారు. అది చెడ్డతనం కాదు, చిన్నప్పుడు నేర్చుకున్న పాఠం. దాన్ని మార్చుకోవచ్చు.

కోపం తన్నుకొస్తున్నప్పుడు అక్కడి నుంచి లేచి పక్క గదిలోకి వెళ్లండి. మొహం కడుక్కోండి. మాట జారితే తర్వాత బిడ్డ దగ్గరకెళ్లి 'నేను అలా అరవకూడదు, సారీ' అనండి. పెద్దరికం తగ్గదు. మీ డాక్టరుకు బీపీ, షుగరుతో పాటు చిన్ననాటి సంగతీ చెప్పండి. కౌన్సెలింగ్‌, వ్యాయామం, సరైన నిద్ర, మనసు విప్పి మాట్లాడగలిగే నేస్తం... ఇవన్నీ ఏ వయసులోనైనా పనిచేస్తాయి. ఒక తరం తన గాయాన్ని మాన్పుకుంటే రెండు తరాలు బాగుపడతాయి.

సాయం కావాలంటే...

పిల్లలకు ఆపద అనిపిస్తే 1098 చైల్డ్‌ హెల్ప్‌లైన్‌కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. పిల్లలే చేయొచ్చు, చూసినవాళ్లూ చేయొచ్చు. అత్యవసరమైతే 112. మానసిక సమస్యలకు కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌ ఉంది. 14416కు చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

మన పిల్లలకు అన్నీ ఉండొచ్చు. కానీ పక్కింటి పిల్లాడికో, మీ క్లాసులో చివరి బెంచీ అమ్మాయికో, పనిమనిషి వెంట వచ్చి మూల కూర్చునే పాపకో ఆ 'ఒక్క పెద్దమనిషి' ఇంకా దొరికి ఉండకపోవచ్చు. దానికి డిగ్రీ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. పేరు గుర్తుపెట్టుకుని పిలవడం, 'అన్నం తిన్నావా?' అనడగడం, చెప్పేది పూర్తిగా వినడం... మొదలుపెట్టడానికి అవి చాలు.